ముందు చిప్, తరువాత ప్రోగ్రామర్

"ప్రోగ్రామర్ కొనాలమ్మా, పైసలు పంపు" అని బి.టెక్ మూడో సంవత్సరంలో ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "ప్రోగ్రామర్ అయితనని గద బిడ్డా నువ్వు పోయింది. మల్లా ప్రోగ్రామర్‌ను కొనుడేంది?"

అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే మా ల్యాబ్‌లో ఎవరూ అడగని ప్రశ్న మా అమ్మ అడిగిందనిపిస్తుంది. ఏది కొనాలి, ఎందుకు కొనాలి, అసలు కొనాలా అని ఆలోచించకుండానే మనం షాపుకు పోతాం. పక్క సెక్షన్ అమ్మాయి ఏది కొంటే అదే కొంటాం.

మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ కవితలు, జ్ఞాపకాలు, సాంబారు మీద జోకులు వస్తాయి. వాటి మధ్య ఈ వ్యాసం కొంచెం పొడిపొడిగా ఉంటుందేమో. కానీ మన హాస్టల్‌లో ఈసీఈ, ఈఈఈ, డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చదివే చెల్లెళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. ప్రాజెక్టు దగ్గర పడేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే తప్పు జరుగుతోంది. నాతోనే అది ఆగిపోవాలని నా కోరిక.

ఒక్క అక్షరం ఖరీదు

మా పుస్తకంలో ఏటీ89సీ51 అని ఉంది. నేను అదే చిప్ రెండు కొన్నాను. వాటితోపాటు కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న ఐఎస్‌పీ ప్రోగ్రామర్ ఒకటి కొన్నాను. హన్మకొండలో పొద్దున్నే బస్సెక్కి, హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగి, హాస్టల్ గేటు వేసేలోపు పరుగున వచ్చాను. చార్జీలతో కలిపి దాదాపు 900 రూపాయలయ్యాయి. మా అమ్మకు అవి మూడు రోజుల కూలి.

రాత్రి స్టడీ అవర్‌లో వైర్లు కలిపి చూస్తే చిప్ పలకలేదు. వైర్లు మార్చాను, పలకలేదు. రెండో చిప్ పెట్టాను, పలకలేదు. నాలుగు రోజులు ప్రోగ్రామర్‌ను తిట్టుకున్నాను, షాపతను మోసం చేశాడనుకున్నాను. ఐదో రోజు పై గదిలో ఉండే సీనియర్ అక్క చిప్‌ను లైటు కింద పెట్టి చూసి, "నీ దగ్గరున్నది సి. నీకు కావలసింది ఎస్" అంది.

అంతే. ఏటీ89సీ51, ఏటీ89ఎస్51 రెండింటికీ 40 కాళ్ళే. లోపల రెండింటికీ 4 కిలోబైట్ల ఫ్లాష్. బయటికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. కానీ సి రకానికి ప్రోగ్రామ్ ఎక్కించాలంటే చాలా కాళ్ళకు ఒకేసారి సమాచారం ఇచ్చే ప్యారలల్ పద్ధతి కావాలి. సాధారణంగా దానికి 12 వోల్టులు కూడా కావాలి. ఎస్ రకంలో మాత్రమే బోర్డు మీద ఉండగానే నాలుగైదు వైర్లతో ఎక్కించే సౌకర్యం ఉంది. దాన్నే ఐఎస్‌పీ అంటారు. నా ప్రోగ్రామర్ మంచిదే. షాపతనూ మంచివాడే, నేను అడిగింది ఇచ్చాడు. తప్పు నా వరసలో ఉంది. ప్రోగ్రామర్‌ను, చిప్‌ను వేర్వేరుగా ఎంచుకున్నాను. పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునూ వేర్వేరు ఊళ్ళలో చూసి, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా ముహూర్తం పెట్టినట్టయింది.

అందుకే నా మొదటి మాట ఇది. ముందు చిప్‌ను నిర్ణయించండి. ఆ చిప్ డేటాషీట్ తెరిచి, ప్రోగ్రామింగ్ అని రాసి ఉన్న అధ్యాయం చదవండి. అది దాదాపు ఎప్పుడూ చివరి పేజీల్లో ఉంటుంది కాబట్టే ఎవరూ చదవరు. ఏ ప్రోగ్రామర్ కావాలో ఆ పేజీలే చెబుతాయి.

ఏ చిప్‌కు ఏది

మనం రాసిన సి ప్రోగ్రామును కంపైలర్ హెక్స్ ఫైలుగా మారుస్తుంది. ఆ ఫైలును చిప్ లోపలి ఫ్లాష్ మెమరీలోకి చేర్చి, సరిగ్గా చేరిందో లేదో తిరిగి చదివి సరిచూసే పరికరమే ప్రోగ్రామర్. ఒక్కో కంపెనీ చిప్‌కు ఒక్కో తలుపు ఉంటుంది. ఆ తలుపుకు సరిపడే తాళంచెవి కొనాలి.

8051 కుటుంబంలో మన ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది ఏటీ89ఎస్52. దీనికి ఐఎస్‌పీ చాలు. కానీ ఒక మెలిక ఉంది. ఏవీఆర్ చిప్‌లను ప్రోగ్రామ్ చేసేటప్పుడు రీసెట్ కాలును కిందికి, అంటే సున్నా వోల్టులకు లాగాలి. 8051 రకంలో పైకి లాగాలి. కాబట్టి ఏవీఆర్ ప్రోగ్రామర్ అని అమ్మేదల్లా దీనికి పనిచేయదు. ఏటీ89ఎస్52కు పనిచేస్తుందని స్పష్టంగా చెప్పినదే తీసుకోండి. చైనా ఎస్‌టీసీ కంపెనీ 8051 రకాలకైతే ప్రోగ్రామరే అక్కరలేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న అడాప్టర్ చాలు. చిప్‌కు కరెంటు ఒకసారి తీసి మళ్ళీ ఇస్తే అది ప్రోగ్రామును అందుకుంటుంది.

ఏవీఆర్ అంటే ఏటీమెగా8, ఏటీమెగా328పీ వంటివి. వీటికి పేదవాడి నేస్తం యూఎస్‌బీఏఎస్‌పీ. థామస్ ఫిష్ల్ అనే ఆయన దీని సర్క్యూట్‌ను, ఫర్మ్‌వేర్‌ను అందరికీ తెరిచి పెట్టాడు. అందుకే ఎవరైనా తయారుచేసి అమ్మవచ్చు, ఎవరైనా ఇంట్లో సోల్డర్ చేసుకోవచ్చు. నేను ఇది రాసేనాటికి సుమారు రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతోంది. చేతిలో ఆర్డునో ఊనో బోర్డు ఉంటే అదీ అక్కరలేదు. ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో ఉదాహరణల కింద ఆర్డునో ఐఎస్‌పీ అనే ప్రోగ్రాము ఉంటుంది. దాన్ని ఎక్కిస్తే ఆ బోర్డే ప్రోగ్రామర్ అవుతుంది.

పిక్ చిప్‌లకు, ఉదాహరణకు మన ప్రాజెక్టుల్లో పాత కాపు అయిన పిక్16ఎఫ్877ఎకు, మైక్రోచిప్ కంపెనీ వారి పికిట్ వరసలోనివి కావాలి. ఇవి ఖరీదైనవి. పిక్ మీదే పనిచేయాలని గట్టి కారణం లేకపోతే విద్యార్థి డబ్బుతో ఆ దారి పట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కాలేజీ ల్యాబ్‌లో ఉంటే వాడుకోండి.

ఆర్మ్ కోర్ ఉన్న ఎస్‌టీఎం32 చిప్‌లకు ఎస్‌టీ-లింక్ కావాలి. ఎస్‌డబ్ల్యూడీఐఓ, ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే అనే రెండు వైర్లు, ఒక గ్రౌండ్. చిప్‌తో మాట్లాడటానికి ఈ మూడూ చాలు. ఎస్‌టీ కంపెనీ న్యూక్లియో బోర్డు కొంటే ఎస్‌టీ-లింక్ దాని మీదే ఉంటుంది. జంపర్లు తీసి దానితో వేరే బోర్డును కూడా ప్రోగ్రామ్ చేయవచ్చు.

ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32లలో సీరియల్ ద్వారా ప్రోగ్రాము అందుకునే బూట్‌లోడర్ పుట్టుకతోనే చిప్ రామ్‌లో కాదు, రోమ్‌లో ఉంటుంది. అందుకే దాన్ని మనం పొరపాటున చెరపలేము. యూఎస్‌బీ కేబుల్ చాలు. 2021లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై పికో ఇంకా సులువు. బూట్‌సెల్ అనే బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫైలు అందులో వేస్తే పని అయిపోతుంది.

ఎక్కించడం ఒక్కటే చాలదు

ఎక్కువమంది ప్రోగ్రామర్‌ను ఎక్కించే యంత్రంగానే చూస్తారు. నేను రెండో ప్రశ్న కూడా అడగమంటాను. అది డీబగ్ చేయగలదా?

యూఎస్‌బీఏఎస్‌పీ ఎక్కిస్తుంది, అంతటితో దాని పని సరి. ప్రోగ్రాము లోపల ఎక్కడ ఆగిపోయిందో చెప్పదు. మోటారు తిరగకపోతే ఎల్ఈడీలు వెలిగించి, సీరియల్‌లో మాటలు ముద్రించి మనమే వెతుక్కోవాలి. ఎస్‌టీ-లింక్ అలా కాదు. ప్రోగ్రామును మనకు కావలసిన వరుస దగ్గర ఆపుతుంది. ఆ క్షణాన ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉందో చూపిస్తుంది. ఒక్కో అడుగు నడిపిస్తుంది. నాకు పాయింటర్ అంటే ఏమిటో బోర్డు మీద రాసినప్పుడు అర్థం కాలేదు. మెమరీ విండోలో ఆ చిరునామాకు పోయి విలువ మారడం కళ్ళారా చూసినప్పుడు అర్థమైంది.

ఎస్‌టీ-లింక్ క్లోన్ ధర యూఎస్‌బీఏఎస్‌పీకి కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది. ఇక పికో ఉన్నవారు ఇంకో పికో కొని, అందులో రాస్‌ప్‌బెర్రీ పై వారే ఉచితంగా ఇచ్చే డీబగ్ ప్రోబ్ ఫర్మ్‌వేర్ వేస్తే చాలు. ఆ రెండో పికో మొదటిదానికి ప్రోగ్రామరూ అవుతుంది, డీబగ్గరూ అవుతుంది. కాబట్టి సిలబస్ కోసం 8051 చదవండి, పరీక్ష రాయండి. కానీ సొంత డబ్బు పెట్టి కొత్తగా మొదలుపెట్టేవారు డీబగ్ చేయగల వైపే పెట్టండి. అదే ధరకు రెండు చదువులు వస్తాయి.

అసలుదా, నకలుదా

ఈ మాట మీద మా క్లాసులో రెండు పార్టీలున్నాయి. అసలు కంపెనీదే కొనాలి, క్లోన్ అంటే దొంగసొత్తు అనేవారు ఒకవైపు. పది రెట్లు డబ్బు ఎందుకు దండగ అనేవారు ఇంకోవైపు.

రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని నేనంటాను. యూఎస్‌బీఏఎస్‌పీ వంటివి తెరిచి పెట్టిన డిజైన్లు. వాటిని తయారుచేసి అమ్మడం దొంగతనం కాదు. కంపెనీ పేరు, గుర్తు వేసి అమ్మే నకళ్ళ సంగతి వేరు. అందులో నీతి ప్రశ్న ఒకటైతే, నమ్మకం ప్రశ్న మరొకటి. 2014 అక్టోబరులో జరిగింది గుర్తుచేసుకోవాలి. యూఎస్‌బీ-సీరియల్ చిప్‌లు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ కొత్త డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌తో వచ్చింది. అది నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నా చేసింది. ఆ చిప్ నకిలీదని తెలియక కొన్నవారి పరికరాలు కూడా రాత్రికి రాత్రి మూగబోయాయి. ఆ తప్పు తయారుచేసినవాడిది, నష్టం మాత్రం కొన్నవాడిది. చివరికి గొలుసులో చిన్నవాడి మీదే పడుతుంది.

నా పద్ధతి ఇది. నేర్చుకోవడానికి తెరిచి పెట్టిన డిజైన్లు, లేదా కంపెనీ వారే చవగ్గా ఇచ్చే న్యూక్లియో, పికో వంటి బోర్డులు. రేపు ఉద్యోగంలో వేరొకరి వస్తువులోకి ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు అసలుదే, అది కూడా కంపెనీ డబ్బుతో. నేర్చుకునే దశలో పెద్ద పేరున్న పెట్టె లేదని ఏ చెల్లీ చిన్నబుచ్చుకోనవసరం లేదు.

ఇంకో సంగతి. పెట్టె బాగుంటే సరిపోదు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కూడా బతికి ఉండాలి. పికిట్ 3 ఒకప్పుడు అందరి చేతిలోనూ ఉండేది. దాని తర్వాత పికిట్ 4, పికిట్ 5 వచ్చాయి. కొత్త ఎంప్లాబ్ ఎక్స్ వెర్షన్లు పికిట్ 3ను వదిలేశాయి. దాన్ని వాడాలంటే పాత వెర్షనే పెట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని కొనేముందు ఈ సంగతి చూసుకోండి. ఏవీఆర్‌డ్యూడ్, ఓపెన్ ఓసీడీ వంటి తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్లకు ఈ భయం తక్కువ. ఓపెన్ ఓసీడీ ఎలా పుట్టిందో తెలుసా? 2005 ప్రాంతంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో డొమినిక్ రాత్ అనే విద్యార్థి థీసిస్‌గా మొదలైంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఆ పనిముట్టు ఒకప్పుడు మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వంటిదే.

అన్నింటికీ ఒకటే అనే ఆశ

"పదేపదే కొనడమెందుకు, అన్ని చిప్‌లకూ పనికొచ్చే యూనివర్సల్ ప్రోగ్రామర్ ఒకటి కొనేస్తే పోలా?" అని ఒక చెల్లెలు అడిగింది. వేల చిప్‌ల పేర్లున్న జాబితా చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. వాటి ధర వేలల్లో ఉంటుంది.

రిపేరు షాపు పెట్టుకునేవారికి, పాత ఈప్రామ్‌లు చదవాల్సినవారికి అది నిజంగా మంచి పెట్టుబడి. నా సి రకం చిప్‌ను కూడా అలాంటిదే పలికించగలదు. కానీ చాలావరకు చిప్‌ను బోర్డు నుంచి తీసి దాని సాకెట్‌లో పెట్టాలి. ఈరోజు చిప్‌లలో ఎక్కువ భాగం బోర్డుకు అతికించి ఉండే సన్నకాళ్ళవి. వాటిని తీయడం కుదరదు. పైగా అది డీబగ్ చేయదు. మనం ఒక ఏడాదిలో వాడేది రెండు రకాల చిప్‌లు. ఆ రెండింటికీ రెండు చిన్న ప్రోగ్రామర్లు కొన్నా ఆరేడు వందలు దాటవు. ఊరందరి కొలతలకూ సరిపోయే చొక్కా ఎవరి ఒంటికీ సరిపోదు.

అసలు అవసరమా?

దీనికి ఎదురుమాట ఒకటి ఉంది. "ఆర్డునో ఉంది, ఈఎస్‌పీ32 ఉంది. కేబుల్ పెడితే ఎక్కుతుంది. ఇంకా ప్రోగ్రామర్ గొడవ ఎందుకక్కా?" అంటారు. న్యాయమైన మాటే. మొదటి ఆరు నెలలు మీరు అలాగే నేర్చుకోండి. మా అమ్మ ప్రశ్నకు సగం జవాబు ఇదే. అప్పుడే కొననక్కర లేదు.

మిగతా సగం ఏమిటంటే, ఆర్డునోలో కేబుల్ పనిచేయడానికి కారణం ఎవరో ముందే ప్రోగ్రామర్‌తో అందులో బూట్‌లోడర్ పెట్టి ఉండటం. అది చెరిగిపోయిన రోజు, లేదా 500 రూపాయల బోర్డు బదులు ఖాళీ ఏటీమెగా చిప్ ఒక్కటి పెట్టి సొంత బోర్డు చేయాలనుకున్న రోజు, ప్రోగ్రామర్ లేనివారు ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలి. ఉద్యోగంలో మన ముందుకు వచ్చేవి బూట్‌లోడర్ ఉన్న నీలం బోర్డులు కావు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఖాళీ చిప్‌లు.

ఇక్కడే నేను రాయాలనుకున్న అసలు మాట ఉంది. నా బ్యాచ్‌మేట్ ఒకామె, మంచి చదువరి, వేలు పోసి నగరంలో ఒక చోట తయారైన ప్రాజెక్టు కొనుక్కుంది. వాళ్ళ నాన్న అప్పు తెచ్చి ఇచ్చాడు. ప్రాజెక్టు చక్కగా పనిచేసింది. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ అంతా విని, "బాగుందమ్మా, ఆ బజర్ మూడు సెకన్లు మోగుతోంది. ఐదు సెకన్లు మోగేలా మార్చు" అన్నారు. ఆమె దగ్గర సోర్స్ కోడ్ లేదు. చిప్ నుంచి చదువుదామన్నా లాక్ బిట్లు వేసి ఇచ్చారు. లాక్ వేసిన చిప్‌ను ప్రోగ్రామర్ చెరపగలదు కానీ, లోపలిది చదివి ఇవ్వలేదు. ఆమె తలదించుకుని నిలబడింది. ఆమెకు తెలివి లేక కాదు. ఈ పని మనవల్ల కాదని ఎవరో ముందే చెప్పారు, ఆమె నమ్మింది.

మన ఇళ్ళలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం మనం. మనవల్ల కాదనే మాట మనకు చిన్నప్పటి నుంచీ వినపడుతూనే ఉంది. వేల రూపాయలు పోసి తాళం వేసిన చిప్ కొనడం అంటే ఆ మాటను డబ్బిచ్చి ఒప్పుకోవడమే. మూడు వందల రూపాయల ప్రోగ్రామర్, పది సార్లు చెడిపోయి పదకొండోసారి పనిచేసిన సొంత ఎల్ఈడీ ప్రోగ్రాము, ఈ రెండూ ఉన్న అమ్మాయి ఆ సార్ ముందు ల్యాప్‌టాప్ తెరిచి 3ను 5 చేసి మళ్ళీ ఎక్కించి చూపించేది. ప్రాజెక్టు చిన్నదైనా సరే.

పలకకపోతే తిట్టేముందు

కొన్న తర్వాత చిప్ పలకకపోతే వెంటనే ప్రోగ్రామర్‌ను నిందించకండి. నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

మొదట కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు మన హాస్టల్‌లో కోకొల్లలు. ఆ తర్వాత ప్రోగ్రామర్ గ్రౌండ్, బోర్డు గ్రౌండ్ కలిశాయో లేదో చూడండి. అవి కలవకపోతే ఏదీ పనిచేయదు. బోర్డు 3.3 వోల్టులదైతే 5 వోల్టులు ఇవ్వకండి. కొన్ని చవకరకం ప్రోగ్రామర్లలో 3.3 జంపర్ పెట్టినా సిగ్నల్ వైర్ల మీద 5 వోల్టులే వస్తాయి. మల్టీమీటర్‌తో కొలిచాకే తగిలించండి.

కొత్త ఏటీమెగా328పీ ఫ్యాక్టరీ నుంచి 1 మెగాహెర్ట్జ్ వేగంతో వస్తుంది. ప్రోగ్రామర్ గడియారం చిప్ వేగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా 375 కిలోహెర్ట్జ్‌తో మాట్లాడుతుంది, అంటే దానికి ఎక్కువ. నెమ్మదిగా మాట్లాడమని స్లో జంపర్ పెట్టండి, లేదా ఏవీఆర్‌డ్యూడ్‌లో మైనస్ బి ఆప్షన్ ఇవ్వండి. అలాగే 328, 328పీ ఒకటి కావు. వాటి సిగ్నేచర్ సంఖ్యలు వేరు. ఇక్కడా ఒక్క అక్షరమే.

ఫ్యూజ్ బిట్లను అర్థం కాకుండా ముట్టుకోకండి. బయటి గడియారం అని తప్పుగా ఎంచుకుంటే, ఆ గడియారం ఇచ్చేదాకా చిప్ మేలుకోదు. రీసెట్ కాలును రద్దుచేసే ఫ్యూజ్ వేస్తే ఐఎస్‌పీ తలుపే మూసుకుపోతుంది, 12 వోల్టుల ప్రోగ్రామర్‌తోనే తెరవాలి. ఎస్‌టీఎం32లో కూడా ఇలాంటిదొకటుంది. క్యూబ్‌ఎంఎక్స్‌లో డీబగ్ దగ్గర సీరియల్ వైర్ ఎంచుకోవడం మరిచిపోతే మొదటిసారి ఎక్కుతుంది, రెండోసారి పలకదు. చిప్ చచ్చిపోయిందని పారేయకండి. రీసెట్‌లో ఉంచి కనెక్ట్ అవ్వమనండి, లేదా బూట్0 కాలును పైకి పెట్టి ప్రయత్నించండి. బతుకుతుంది.

ఒక పెట్టె, ఒక రిజిస్టర్

చివరగా ఒక ప్రతిపాదన. ఇది చెల్లెళ్ళకు కాదు, ఈ సంచిక చదువుతున్న పాత విద్యార్థినులకు, నా పైబ్యాచ్ అక్కలకు.

ప్రోగ్రామర్‌ను ఒకమ్మాయి ఎంతసేపు వాడుతుంది? రోజుకు పది నిమిషాలు. మిగతా కాలమంతా అది ట్రంకు పెట్టెలో సబ్బు పక్కన పడి ఉంటుంది. ఇరవై మంది ఇరవై కొనడం దేనికి? పైగా మనం అబ్బాయిల్లా సాయంత్రం షాపుకు పోయి మార్చుకు రాలేం. గేటు ఉంది, పర్మిషన్ ఉంది. తప్పు వస్తువు కొంటే మళ్ళీ ఆదివారం దాకా ఆగాల్సిందే. అందుకే మనకు ఉమ్మడి పెట్టె మరీ అవసరం.

స్టడీ హాల్‌లో అంబేడ్కర్ గారి ఫోటో కింద బల్ల ఉంది కదా. అక్కడ తాళం వేసే ఒక పెట్టె పెడదాం. అందులో ఏవీఆర్‌కూ, ఏటీ89ఎస్52కూ పనిచేసే యూఎస్‌బీఏఎస్‌పీలు రెండు, ఎస్‌టీ-లింక్ లేదా న్యూక్లియో బోర్డు ఒకటి, పికోలు రెండు, యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి, డేటా నడిచే మంచి కేబుళ్ళు నాలుగు. నేను లెక్కవేస్తే నాలుగైదు వేల రూపాయల లోపే అవుతుంది. పది మంది అక్కలు తలా ఐదు వందలు వేస్తే అయిపోతుంది. పక్కన ఒక రిజిస్టర్. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అనేవే కాకుండా, ఏ చిప్‌కు ఏ సెట్టింగుతో ఎక్కింది, ఏది ఎందుకు ఎక్కలేదు అన్నది కూడా అందులో రాయాలి. నాలుగేళ్ళలో ఆ రిజిస్టర్ మన హాస్టల్‌కు ఏ పుస్తకంలోనూ లేని పాఠం అవుతుంది. తాళంచెవి వార్డెన్ మేడమ్ దగ్గర కాకుండా థర్డ్ ఇయర్ అమ్మాయి దగ్గర ఉండాలని నా విన్నపం. మన వస్తువును మనమే కాపాడుకోవడం కూడా చదువే.

మొదటి వస్తువు నేనే ఇస్తున్నాను. ఆ రోజు నాలుగు రోజులు తిట్టిన ఐఎస్‌పీ ప్రోగ్రామర్ ఇంకా చక్కగా పనిచేస్తోంది. దానితోపాటు ఆ రెండు సి రకం చిప్‌లు కూడా పెట్టెలో వేస్తాను. వాటిలో ఏమీ ఎక్కించలేం. కానీ కొత్తగా వచ్చే చెల్లెలికి ఒకటి ఎస్ చిప్ పక్కన పెట్టి చూపించండి. ఆ తేడా ఆమె కంట పడితే, వాళ్ళ అమ్మ మూడు రోజుల కూలి మిగిలినట్టే.